ప్లాస్టిక్ షీటు మీద వడియం, వార్నిష్ మీద పెయింటు

పోయినేడు వరలక్ష్మీ వ్రతం అయిన మర్నాడు, లోపలి గుమ్మానికి టేపుతో అంటించిన చేమంతి దండలు తీద్దామని ఒక కొస పట్టుకుని లాగాను. దండ వచ్చింది, టేపు వచ్చింది, టేపుతో పాటు అరచెయ్యంత తెల్ల పెయింటు కూడా వచ్చేసింది. దాని వెనకాల పాత వార్నిష్ చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. ఉగాదికి ముందు వేయించిన పెయింటు అది, నిండా అయిదు నెలలు కాలేదు. ఊడిన అంచు దగ్గర ఊరికే గోరు పెట్టి చూశాను. పెట్టకుండా ఉండాల్సింది. మూరెడు పొడుగున లేచిపోయింది, అదీ పెచ్చులు పెచ్చులుగా కాదు, పాల మీద మీగడ తీసినట్టు ఒకే పొరగా.

అమ్మ ఆ పొరని చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టి చూసి "ప్లాస్టిక్ షీటు మీద పెట్టిన వడియంలా లేచిందేమిటే ఇది" అంది.

అప్పుడు ఒళ్ళు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే మొత్తం కథ ఆ ఒక్క మాటలోనే ఉంది. పాత పంచె మీద వడియాలు పెడితే పిండి నేత సందుల్లోకి దిగి పట్టుకుంటుంది, ఎండాక గుడ్డ వెనక నీళ్ళు చిలకరించి నానబెడితే గానీ ఊడదు. అదే ప్లాస్టిక్ షీటు మీద పెడితే ఎండగానే టప్పున దానంతట అదే లేస్తుంది, పట్టుకోడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి. వార్నిష్ వేసిన చెక్క కూడా అంతే. చెక్క రంధ్రాలన్నీ మూసేసి పైన గట్టిగా, నున్నగా ఒక పొర కట్టడమే వార్నిష్ పని. నీళ్ళు ఇంకకూడదు, నూనె ఇంకకూడదు, మరక పట్టకూడదు అని వేసిందాని మీద కొత్త పెయింటు మాత్రం ఎలా పడుతుంది చెప్పండి.

కాస్త వెనక్కి వెళ్తా. మాది కాకినాడలో 1988లో కట్టిన ఇల్లు. తలుపులు, కిటికీలు అన్నీ టేకే. బల్లార్షా టేకు అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, నిజంగా మహారాష్ట్రలోని ఆ బల్లార్షాదో కాదో ఆ దేవుడికెరుక, టేకు మాత్రం అవును. నాలుగైదేళ్ళకోసారి సంక్రాంతి ముందు వాటికి ఒక చెయ్యి వార్నిష్ పడేది. పాతది గోకేది లేదు ఏమీ లేదు, దాని మీదే ఇంకోటి. వార్నిష్ వయసయ్యే కొద్దీ పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా మారుతుంది, పొర మీద పొర పడితే ఇంకా ముదురుతుంది. ముప్పై అయిదేళ్ళకి మా తలుపులు పాత చింతపండు రంగుకొచ్చాయి. హాల్లో ఏడు తలుపులు, నాలుగు కిటికీలు అదే రంగులో ఉంటే పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చేది. పైగా అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక చీకటి గది అంటే విసుగు. అందుకే తెల్లరంగు వేయిద్దాం అనుకున్నాం.

మా మావయ్య అయితే నెలరోజులు మాట్లాడలేదు. "టేకు మీద రంగేమిటే, బంగారు గాజులకి రోల్డ్‌గోల్డ్ పూత పూయిస్తావా" అని. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే వీధి గుమ్మం, దేవుడి గది తలుపు వదిలేద్దాం అని రాజీకొచ్చాం. మిగతా అయిదు తలుపులకీ కిటికీలకీ పెయింటు. టేకు అయినంత మాత్రాన ప్రతి చెక్కముక్కా దాని నారలు చూపించి తీరాలని నేననుకోను, ముఖ్యంగా ఆ నార చూసి పాతికేళ్ళు దాటినప్పుడు.

ఉగాదికి ముందు వచ్చిన పెయింటర్ రెండు రోజుల్లో పని ముగించేశాడు. పాత గుడ్డతో తుడిచి, డబ్బా మూత తీసి, వేసేశాడు. "రుద్దక్కర్లేదా" అని అడిగితే "పాత వార్నిష్ ఉందిగా మేడం, అదే ప్రైమర్‌లాగా పనిచేస్తది" అన్నాడు. ప్రైమర్ అంటే పెయింటుకి పట్టు కోసం ముందుగా వేసే పూత. పండగ తోసుకొస్తోంది, చుట్టాలొస్తున్నారు, నాకూ అదే వినాలని ఉంది, విన్నాను. కాబట్టి తప్పంతా అతనిదే అని చెప్పను. ఆ రెండు నెలలూ మాత్రం ఎంత బాగుందో! వానాకాలం వచ్చి గాలిలో తేమ పెరిగి చెక్క ఉబ్బడం మొదలయ్యాక బయటపడింది అసలు సంగతి. చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, పైన పెయింటు కూడా దాంతో పాటు కదలాలి, పట్టు లేని పెయింటు కదల్లేక ఎక్కడో ఒకచోట వదిలేస్తుంది. ముందు గడియల దగ్గర, తర్వాత చెయ్యి తగిలే చోట, తర్వాత దండల టేపు దగ్గర.

ఇక్కడ నేను చేసిన ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. కోపంలో ఇంటర్నెట్ మీద పడి సగం సగం చదివి, స్ప్రే పెయింటు అయితే గట్టిగా పట్టుకుంటుంది అనుకుని, మా తమ్ముడు బండి గీతల మీద కొట్టగా మిగిలిన స్ప్రే డబ్బా తీసుకుని చెప్పుల స్టాండు మీద ప్రయత్నించాను. కొట్టిన రెండు నిమిషాలకి కింద ఉన్న పాత వార్నిష్ ముడుచుకుని, ముడతలు ముడతలుగా లేచి, స్టాండు మొత్తం కాకరకాయ తొక్కలా తయారైంది. బండ్లకి కొట్టే ఆ రకం పెయింట్లలో ఉండే థిన్నర్, అంటే పెయింటుని పలచబరిచే ద్రవం, చాలా ఘాటు. అది కింద ఉన్న నూనె వార్నిష్‌ని సగం కరిగించి ఉబ్బేలా చేస్తుంది. ఆ స్టాండు ఇప్పటికీ పెరట్లో ఉంది. ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.

ఆ తర్వాత బుద్ధొచ్చి, మా వీధి చివర ఉండే ఒక పెద్ద వడ్రంగిగారిని పిలిచాను. డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు పని చెయ్యరు, చూసి చెప్పి టీ తాగి వెళ్తారు. ఆయన వచ్చి తలుపుని కాసేపు వేళ్ళతో తడిమి "ముందు దీని మీద ఏముందో తెలియాలండి అమ్మాయిగారూ, అది తెలీకుండా డబ్బా కొంటే ఎలాగండి" అన్నారు. కాస్త దూదికి స్పిరిట్ తడిపి, తలుపు వెనక కనపడని మూల, పెయింటు ఊడిన చోట, ఒక నిమిషం ఆనించి పెట్టారు. ఏమీ కాలేదు. హాలు తలుపులన్నీ అంతే, స్పిరిట్‌కి లొంగలేదు. అంటే అది నూనె వార్నిష్ లేదా ఇప్పటి సింథటిక్ రకం. దేవుడి గది తలుపు దగ్గర మాత్రం దూది జిగటగా అంటుకుని, తీస్తే గోధుమరంగు మరక వచ్చింది. అది లక్క పాలిష్. ఫ్రెంచ్ పాలిష్ అంటారే, అది. నాన్న ఆ ఒక్క తలుపుకి ఎందుకో ప్రత్యేకంగా చేయించారు, మాకెవరికీ చెప్పలేదు. స్పిరిట్‌కి లొంగకుండా ఘాటు థిన్నర్‌కి మాత్రం కరిగితే అది లాకర్ అనే ఇంకో రకం పూత అట, కొత్త ఫర్నిచర్ మీద ఎక్కువగా అదే ఉంటుంది.

లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల మీద ఉండే చిన్న పురుగులు వదిలే బంక. దాన్ని శుభ్రం చేసి రేకులుగా చేసి, స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో రుద్దుతారు. తుని దాటి విశాఖ వైపు వెళ్తుంటే వచ్చే ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి వేసేదీ లక్కే, కాకపోతే అక్కడ స్పిరిట్ ఉండదు, తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పరుచుకుంటుంది. చిన్నప్పుడు ఆ బొమ్మలు నోట్లో పెట్టుకున్నా పెద్దవాళ్ళు పెద్దగా కంగారుపడేవాళ్ళు కాదు. సరే, దారి తప్పాను. చెప్పొచ్చేదేమిటంటే లక్క పాలిష్ మీద పెయింటు వేస్తే సులువే కానీ అందులో సహజంగా కొంచెం మైనం ఉంటుంది, పైగా ఇళ్ళలో మెరుపు కోసం మైనం పాలిష్ కూడా రుద్దుతారు, ఆ మైనం మీద ఏ పెయింటూ నిలవదు. ముందు అది పోవాలి. మాకా బాధ లేదు, ఆ తలుపు ముట్టుకోనివ్వనని అమ్మ ముందే చెప్పేసింది.

పెద్దాయన చెప్పిన పనుల్లో మొదటిది తోమడం. రుద్దడం కాదు, తోమడం. ఇది నేను ఊహించలేదు. ముప్పై అయిదేళ్ళ చేతి జిడ్డు, సాంబ్రాణి పొగ, వంటింటి తలుపు మీద అయితే పోపు ఆవిరి నూనె గడ్డకట్టి గోరుతో గీస్తే గోళ్ళ సందుల్లో ఇరుక్కునేంత ఉంది. ఆ జిడ్డు ఉండగానే ఉప్పు కాగితం పెడితే జిడ్డు పోదు, గీతల్లోకి ఇంకా లోపలికి దిగుతుంది. కాగితం కూడా రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో బట్టల సోడా కలిపి, గుడ్డ బాగా పిండి, పై నుంచి కిందకి తుడిచాం. మొదటి బకెట్టు నీళ్ళు కాఫీ డికాషన్‌లా వచ్చాయి. తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు, ఎందుకంటే సోడా మిగిలిపోతే అదీ పెయింటుకి శత్రువే. నీళ్ళు పారించకూడదు, తడిగుడ్డ చాలు. ఒక రోజంతా ఆరబెట్టాక టర్పెంటైన్ గుడ్డతో ఇంకోసారి తుడిస్తే మైనం లాంటివి ఏమైనా ఉంటే పోతాయి. ఫర్నిచర్ మెరవడానికి సిలికాన్ ఉన్న స్ప్రేలు ఎప్పుడైనా వాడి ఉంటే మాత్రం ఈ పని రెండింతలు చెయ్యాలి. అది కాస్త మిగిలినా పెయింటు వెయ్యగానే చేప కళ్ళలా గుండ్రటి గుంటలు పడతాయి.

తర్వాత ఉప్పు కాగితం. షాపులో ఎమరీ అన్నా శాండ్ పేపర్ అన్నా ఇస్తారు, మా పెద్దాయనకి మాత్రం అన్నీ ఉప్పు కాగితాలే. దాని వెనక నంబరు ఉంటుంది, నంబరు పెరిగే కొద్దీ నునుపు. మేం 120తో మొదలుపెట్టి 180తో ఆపాం. ఇక్కడ నాకున్న పెద్ద అపోహ, పాత వార్నిష్ అంతా పోయి పచ్చి చెక్క కనపడేదాకా రుద్దాలని. అక్కర్లేదు. గట్టిగా అంటుకుని ఉన్న వార్నిష్ అక్కడే ఉండొచ్చు, దాని మెరుపు చస్తే చాలు. వేలితో రాస్తే సుద్దలా గరుకుగా తగలాలి, లైటు పెట్టి పక్క నుంచి చూస్తే ఎక్కడా మెరిసే మచ్చ కనపడకూడదు. మెరిసిన ప్రతి మచ్చా రేపటి వడియమే. వదులైపోయి, పగిలి, చర్మంలా లేస్తున్న చోట మాత్రం మొత్తం తీసెయ్యాల్సిందే. మా విషయంలో దాని పైన ఉగాది పెయింటు కూడా ఉంది కదా, దానికి మాత్రం ఉప్పు కాగితం పెద్దగా అవసరం రాలేదు. పుట్టీ బ్లేడు పెడితే దోసెలా లేచింది. సిగ్గుచేటు.

నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు తెల్ల పెయింటు కింద నుంచి కూడా కనిపిస్తాయి. కాగితాన్ని చిన్న చెక్కముక్కకి చుట్టి పట్టుకుంటే చెయ్యి సమంగా పడుతుంది. తలుపు పలకల చుట్టూ ఉండే వంపు తిరిగిన అంచుల దగ్గర చెక్క పనిచెయ్యదు, అక్కడ గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు బ్రహ్మాండంగా పనిచేసింది. ఫ్లష్ డోర్ అయితే, అంటే పైన పలచటి టేకు రేకు అంటించిన ప్లైవుడ్ తలుపు అయితే, చెయ్యి తేలిగ్గా ఆడించాలి. ఆ రేకు చాలా పలచన, రెండుసార్లు గట్టిగా రుద్దితే కింద ఉన్న వేరే చెక్క బయటపడుతుంది.

అయిదు తలుపులు, నాలుగు కిటికీలు రుద్దడానికి నాకూ, రోజుకూలీకి పిలిచిన కుర్రాడికీ కలిపి ఆరు రోజులు పట్టింది. టేకు పొడి మామూలు పొడి కాదు. మొదటి రోజు మాస్కు లేకుండా గంటసేపు రుద్దితే రాత్రంతా తుమ్ములు, ముంజేతుల మీద దద్దుర్లు. టేకు పొడికి కొందరి ఒళ్ళు ఇలా ఎదురుతిరుగుతుందట, నేను ఆ కొందరిలో ఉన్నానని అలా తెలిసింది.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది మాత్రం సరదాగా తీసుకోకండి. వంటింటి కిటికీ కడ్డీల చుట్టూ ఉన్న చెక్కకి 90లలో వేసిన ఆకుపచ్చ ఎనామిల్, అంటే గట్టిగా మెరిసే రకం పెయింటు, ఉంది. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో తొంభై పాళ్ళు, దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి, అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకు ముందు డబ్బాల్లో, ముఖ్యంగా ముదురు రంగుల్లో, సీసం ఉండి ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లలుంటే వాళ్ళ నోట్లోకి వెళ్తుంది. అందుకని అక్కడ నీళ్ళలో తడిపి వాడే నల్ల కాగితంతో, తడి తడిగా రుద్దాం. ఆ రెండు రోజులూ మా తమ్ముడి పాపని వాళ్ళ అమ్మమ్మ గారింటికి పంపేశాం. చీపురు పట్టకుండా తడిగుడ్డతోనే తుడిచి, ఆ గుడ్డలు పారేశాం.

రుద్దాక మేకు రంధ్రాలు, పగుళ్ళు అన్నీ బయటపడ్డాయి. వాటికి లప్పం. ఇక్కడ చాలామంది పెయింటర్లు గోడకి పెట్టే తెల్ల పుట్టీనే తలుపులకీ పెట్టేస్తారు, మిగిలింది కదా అని. గోడ కదలదు, తలుపు కదులుతుంది, ఆ పుట్టీ రెండు వానాకాలాల్లో పగిలి రాలిపోతుంది. చెక్కకని విడిగా అమ్మే లప్పం కొనుక్కోవచ్చు, లేదా సుద్దపొడిని అవిసె నూనెలో చపాతీ పిండిలా పిసికి పెట్టే పాత పద్ధతి ఉంది. పెద్దాయన అదే చేయించారు. ఆరడానికి మాత్రం రోజులు తీసుకుంటుంది, ఓపిక ఉండాలి.

ఇప్పుడు ప్రైమర్. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు తెల్ల పొణికి చెక్కని చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు పెట్టి, బొమ్మంతా తెల్ల సున్నం పూత పూసి, అది ఆరాకే రంగుల జోలికి వెళ్తారు. అంత చిన్న బొమ్మకి వాళ్ళు ఆ పని చేస్తుంటే ఏడడుగుల తలుపుకి మనం ప్రైమర్ ఎగ్గొడతాం. అయితే షాపువాడు వుడ్ ప్రైమర్ అని ఇచ్చే గులాబీరంగు డబ్బా పచ్చి చెక్క కోసం చేసింది, చెక్కలోకి ఇంకి పట్టుకోవడం దాని స్వభావం. వార్నిష్ మీద అది ఇంకడానికి దారి లేదు, గరుకు మీద మాత్రమే ఆధారపడాలి. అందుకని డబ్బా వెనక పాత నిగనిగల మీద కూడా పనికొస్తుందని రాసి ఉన్న ప్రైమర్ దొరికితే అది మేలు. మాకు దొరికింది నూనె రకంలో.

అయినా ఈసారి నేను ఎవర్నీ నమ్మదల్చుకోలేదు, డబ్బా మీద రాసినదాన్ని కూడా. స్టోర్‌రూమ్ తలుపు వెనక అడుగున మూడు గళ్ళు గీసుకున్నాను. ఒకటి రుద్దకుండా ప్రైమర్, పెయింటు. రెండోది రుద్ది, ప్రైమర్ లేకుండా పెయింటు. మూడోది రుద్ది, ప్రైమర్ వేసి, పెయింటు. వారం రోజులు వదిలేసి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా సన్నటి గళ్ళు కోసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగాను. మొదటిది దాదాపు మొత్తం టేపుతో వచ్చేసింది. రెండోదాంట్లో అక్కడక్కడా గళ్ళు ఊడాయి. మూడోది కదల్లేదు. ఈ పరీక్షకి పట్టే ఖర్చు ఒక బ్లేడు, జానెడు టేపు. ఉగాదికి ముందు ఇది చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

ప్రైమర్ వేసిన రెండో రోజు ఒకచోట తెల్లటి దాని మీద టీ మరకలా గోధుమరంగు మచ్చలు తేలాయి. నాకు మళ్ళీ టెన్షన్ మొదలు. టేకులో సహజంగా ఉండే రంగు, నూనె పైకి ఊరడమే అది, సరిగ్గా మేం పచ్చి చెక్కదాకా గోకిన చోట్లే వచ్చింది. దాని మీద ఎన్ని చేతులు తెల్ల పెయింటు వేసినా మళ్ళీ పైకొస్తూనే ఉంటుంది, నీళ్ళతో కలిపే పెయింటు అయితే ఇంకా త్వరగా లాక్కొస్తుంది. మందు మళ్ళీ లక్కే! మైనం తీసిన లక్కని స్పిరిట్‌లో పలచగా కరిగించి ఆ మచ్చల వరకూ బ్రష్షుతో రెండుసార్లు పూస్తే అక్కడితో ఆగింది. స్పిరిట్ తెరిచినప్పుడు దీపం, అగరొత్తి, స్టవ్వు ఏవీ దగ్గర్లో ఉండకూడదు. అమ్మ సాయంత్రం దీపం పెట్టే వేళకి నేను సీసా పట్టుకుని డాబా మీదకి పారిపోయాను.

పెయింటు వెయ్యడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అన్నిటికంటే తేలిక అదే. నేను నీళ్ళతో కలిపే ఎనామిల్ ఎంచుకున్నాను. పెద్దాయనకి నచ్చలేదు, "నీళ్ళ పెయింటు తలుపుకేంటండి" అని. కానీ నూనె ఎనామిల్ తెల్లరంగు, వెలుతురు తక్కువగా ఉన్నచోట, బీరువా వెనకాల, తలుపు వెనకాల, నాలుగేళ్ళకి పసుపుపచ్చబడుతుంది. తెలుపు కోసం ఇంత పడ్డాక అది పసుపు అవడం ఎందుకు. ప్రైమర్‌ని 220తో తేలిగ్గా ఒక చెయ్యి రుద్ది, దుమ్ము తుడిచి, రెండు పలచటి చేతులు. మందంగా ఒకటి వేస్తే కారుతుంది, పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. ముందు పలకలు, తర్వాత అడ్డ పట్టీలు, చివర నిలువు పట్టీలు. ఏడు అడుగులకి మూడు అడుగుల తలుపు రెండు వైపులా రెండు చేతులు వెయ్యడానికి ఒక లీటరు సరిపోయి కొంచెం మిగిలింది.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. తలుపు పై అంచు, కింది అంచు. కనపడవు కాబట్టి ఎవరూ వెయ్యరు. బాత్‌రూమ్ తలుపు అడుగున పెయింటు ఉబ్బడానికి సగం కారణం అదే, పచ్చిగా ఉన్న కింది అంచు నుంచి తేమ పైకి పాకుతుంది. బందులు విప్పి తలుపు దింపాం కాబట్టి మాకు కుదిరింది. దింపినప్పుడే, వానాకాలంలో పట్టేసే రెండు తలుపుల పక్క అంచు కాస్త చిత్రిక పట్టించాం. ప్రైమర్, పెయింటు కలిపి అన్ని చేతులు పడితే ఆ మందం తక్కువేమీ కాదు, ముందే చోటు ఇవ్వకపోతే గీసుకుపోతుంది.

ఇదంతా సంక్రాంతి వెళ్ళాక, జనవరి చివర్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు పెట్టుకున్నాం. అయినా ఒక తప్పు జరిగింది. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంది కదా అని రెండో రోజు రాత్రి అమ్మ తన గది తలుపు వేసుకుని పడుకుంది. పొద్దున్న నాలుగున్నరకి లోపలి నుంచి పిలుపు. తలుపూ ద్వారబంధమూ కొత్త పెయింటుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేను బయట నుంచి తొయ్యడం, ఆవిడ లోపల నుంచి లాగడం, "ఇప్పుడు మాత్రం బాగా పట్టుకుందే నీ పెయింటు" అని ఆవిడ ఎత్తిపొడవడం. చివరికి పర్ర్‌మని చప్పుడుతో వచ్చింది, అంచున రెండు చోట్ల చిన్న పెచ్చులు లేచాయి, వాటిని మళ్ళీ సరిచేశాను. పైన ఆరడం వేరు, గట్టిపడడం వేరు, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా తలుపులు ఓరగా వేసుకోవాలి, లేదంటే అంచుకి కాస్త టాల్కం పౌడర్ రాయాలి. మేం రాశాం. నెలరోజులు ఇల్లంతా చంటిపిల్లల వాసన.

మావయ్య వేసవిలో వచ్చి, హాల్లో నిలబడి, అటూ ఇటూ చూసి, "వెలుతురు బాగానే వస్తోంది" అన్నారు. టేకు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొన్న మళ్ళీ వరలక్ష్మీ వ్రతం వచ్చింది. ఆగస్టు తేమ, రెండు వారాలుగా ముసురు, నేను రోజూ గడియల దగ్గర గోరు పెట్టి చూసుకుంటున్నాను, ఎక్కడా లేవలేదు. టేపు పరీక్షకి ఇదే సమయం అని చేమంతి దండలూ, కొత్త టేపు చుట్టా తెచ్చి టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి దండలు కట్టేసి ఉన్నాయి. టేపు చుట్ట మాత్రం అలాగే ఉంది. ఆ టేపుని ఇంక నమ్మేది లేదని, అమ్మ గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండంగుళాల మేకులు కొట్టేసింది.